వదిన నన్ను పిలవని కుర్చీ

మా వదిన పోయిందన్న కబురు నాకు గోంగూర అమ్మే ఆవిడ చెప్పింది. రంగూన్ శివార్లలో ఇన్సేన్ బజారులో కట్టలు ఏరుకుని నిలబడ్డాను. ఆవిడ ఆకు సంచీలో వేయకుండా నా చెయ్యి పట్టుకుని, "మీ వదినగారు తెల్లారగట్ల పోయారటమ్మా" అంది బర్మా భాషలో, కళ్ళు తుడుచుకుంటూ. ఆవిడ చెల్లెలు ఊరి నడుమ పబేడాన్‌లో మా వదిన వీధిలోనే ఉంటుంది. ఆ రోజు నా ఫోనుకి సిగ్నల్ లేదు. మా అన్నయ్య కూతురు పొద్దుట్నుంచీ చేస్తూనే ఉందట, తగల్లేదు. గోంగూర ఆవిడ ఫోను మాత్రం నిక్షేపంగా పనిచేసింది. "ఎంత మంచి మనిషి! నన్ను కూడా ఒకసారి కుర్చీలో కూర్చోబెట్టి అన్నీ అడిగిందమ్మా" అని ఆవిడ వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఓదార్చే పని నాకు పడింది. మీరు నన్ను ఏమన్నా అనుకోండి. దుఃఖం కంటే ముందు నాకు ఒళ్ళు మండింది. ఈవిడని కూడానా!

మా తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు నన్ను నాలుగు మాటలు రాయమన్నారు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచే రాస్తాను. ఆవిడలో చెడ్డ లేదు. అదే నా బాధ. చెడ్డ ఉంటే ఎప్పుడో ఒకసారి తిట్టుకుని, మనసు తేలిక చేసుకుని, హాయిగా ఉండేదాన్ని.

నేను పబేడాన్ చేరేసరికి మెట్లన్నీ జనం. నాలుగో అంతస్తు దాకా ఒక్కొక్క మెట్టు మీద ఒక్కొక్కరు కూర్చుని ఉన్నారు. మొహింగా, అదే చేపల పులుసులో బియ్యపు సేమ్యా, అమ్మే డా మ్యా కోడలు, లత పేట నుంచి వచ్చిన చీనా దర్జీ, ఎప్పుడో వీధి ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళు, నాకు పేరు కూడా తెలియనివాళ్ళు. అందరూ ఏడుస్తున్నారు, అందరి దగ్గరా ఆవిడ గురించి ఒక కథ ఉంది. ఆ ఇంట్లో పుట్టినదాన్ని నేను. సొంత ఆడపడుచుని. "కొంచెం దారివ్వండి" అని అడుక్కుంటూ ఎక్కవలసి వచ్చింది.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. ఆవిడ కాపురానికి వచ్చిన రోజున నేను ఆ అర్ధమొగుడి దర్జా అంతా చూపించాలనే అనుకున్నాను. ఆవిడ ఇన్సేన్ రైల్వే క్వార్టర్స్ పిల్ల. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. నాలుగో తరగతితో చదువు ఆపేసింది, ఇంగ్లీషులో తన పేరు కూడా రాయలేదు. నేనా, మా నాన్నగారు ఓడరేవులో గుమాస్తాగా ఉంటూ ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు నేర్పించిన కూతుర్ని, బడిలో ఇంగ్లీషు చెప్పే టీచర్ని. నెల తిరక్కుండా మా అమ్మ ఆవిడది అయిపోయింది. అన్నయ్య సరే, పెళ్ళాం కదా. మా పిల్లి కూడా ఆవిడ చాప మీదకి పడక మార్చింది.

ఎలా చేసేదో చెబుతాను. మంత్రం ఏమీ లేదు. మనిషి ఎదురుగా కూర్చుని ఒక మాట అడిగేది, తర్వాత నోరు మూసుకుని ఆ మనిషి మొహం చూస్తూ ఉండేది. అంతే. మా అమ్మని ఒకరోజు, "అత్తా, మీరు మొదటిసారి రంగూన్ ఎప్పుడు సూసినారు?" అని అడిగింది. మా అమ్మ ఇక్కడే పుట్టిన మనిషి. "నేనిక్కడే పుట్టేను కదే" అని నవ్వింది. వదిన ఏమీ అనలేదు, అలాగే చూస్తోంది. మా అమ్మ బియ్యంలో రాళ్ళేరడం ఆపి, యుద్ధంలో బాంబులకి భయపడి ఊరొదిలి పారిపోవడం, తిరిగొచ్చేసరికి తన వీధిని తనే గుర్తుపట్టలేకపోవడం, అన్నీ చెప్పింది. అదే తను మొదటిసారి రంగూన్ చూసిన రోజు అంది. నేను కన్నకూతుర్ని. నాకు ఏనాడూ చెప్పలేదు.

ఇక టీవీ సంగతి. వదిన తమ్ముడు ఓడల్లో వంటవాడు. ఒక ఏడాది జపాన్ నుంచి టీవీ, టేపులు ఆడించే డెక్కు తెచ్చి అక్క ఇంట్లో పెట్టాడు. అమెరికాలో ఏదో రేవులో అతనికి ఒక స్నేహితుడు ఉండేవాడు. అతను అక్కడి టీవీలో వచ్చిందల్లా, ప్రకటనలతో సహా, టేపుల్లోకి ఎక్కించి ఇచ్చేవాడు. మన బర్మా దేశానికి అప్పట్లో బయటి గాలి తగిలేది కాదు. సాయంత్రం కాసేపు సర్కారు టీవీ వచ్చేది, అందులో ఎవరో ఒక ఆఫీసరు ఏదో ఒక ఆనకట్ట చూస్తూ ఉండేవాడు. అలాంటి రోజుల్లో మా ముందు గదిలో అమెరికా ఆడింది. చెప్పులు మెట్ల మీద కుప్పలు పడేవి.

ఆ పరాయి మొహాలకి మా వీధి చుట్టరికాలు కలిపేసింది. ఫ్రిజ్‌లు బహుమతిగా పంచుతూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే పోటీ కార్యక్రమం ఆయన ఫ్రిజ్ మావయ్య. వార్తలు చదివే బట్టతల పెద్దమనిషి తాతగారు, ఆయన వచ్చినప్పుడు డా మ్యా తెరకి అడ్డం రాకుండా వంగి నడిచేది. ఆస్పత్రి సీరియల్లో ప్రతి వారం కొత్త మొగుణ్ణి వెతుక్కునే నర్సుని మాత్రం చుట్టరికం ఏదీ కలపకుండా వదిలేశారు. అందరిలోకీ పెద్దపీట ఒక ముసలావిడది. వెండి జుట్టు, మెడలో గొలుసుకి కళ్ళజోడు. ఎదుటి కుర్చీలో మామూలు మనిషిని కూర్చోబెట్టి కబుర్లు అడిగేది. పెద్ద సినిమావాళ్ళు, మంత్రులు కాదు. బస్సు నడిపేవాడు, ముగ్గురు పిల్లల తల్లి, జైలు నుంచి వచ్చినవాడు. వాళ్ళు ఏడ్చేవారు, నవ్వేవారు, చివర చప్పట్లు. ఆవిడ మాకు పెద్దమ్మ.

వీళ్ళు మాట్లాడేదంతా ఎవరు విప్పి చెప్పారు? నేను. తెర పక్కన ముక్కాలి పీట వేసుకుని తెలుగులో ఒకసారి, బర్మా భాషలో ఒకసారి, గొంతు పోయేలా చెప్పేదాన్ని. టేపులో జనం నవ్వినప్పుడు గదిలో నేనొక్కదాన్నే వాళ్ళతోపాటు నవ్వేదాన్ని, నేను చెప్పాక మిగతావాళ్ళు నవ్వేవారు. కానీ ఆట అయిపోయాక అందరూ వదిన చుట్టూ చేరేవారు. "ఆ బస్సు డ్రైవరు ఇంటికెళ్ళి ఏం చేసుంటాడంటావు?" అని ఆవిణ్ణి అడిగేవారు. ఒక్క ముక్క అర్థంకాని మనిషిని! ఆవిడ చెప్పేది కూడాను. "ఇంటికెల్లి లైటు ఎయ్యకుండా కాసేపు కూకుంటాడు, పాపం" అనేది. అందరూ తలలూపేవారు. నాకు మంచినీళ్ళిచ్చిన పాపాన కూడా ఎవరూ పోలేదు.

ఒకసారి టేపులో వాతావరణం చెప్పే కుర్రాడు వచ్చి, పటం మీద చెయ్యి ఊపుతూ, ఫలానా వైపు పెద్ద మంచు తుఫాను వస్తోంది, ఎవరూ బయటికి రావద్దు, ముసలివాళ్ళని కనిపెట్టుకోండి అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు ఎవరైనా చెప్పండని పాస్టరుగారు అడిగితే మా వదిన లేచి నిలబడింది. అమెరికాలో మంచు తుఫానులో ఇరుక్కున్నవాళ్ళ కోసం, ముఖ్యంగా ముసలివాళ్ళ కోసం ప్రార్థించాలంది. సంఘమంతా మోకాళ్ళ మీదకి వెళ్ళింది. కొందరు ఆడవాళ్ళు ఏడ్చారు కూడా. బయటికి వచ్చాక నేను ఆగలేక అడిగేశాను.

"వదినా, ఆ టేపు పోయిన ఏడాదిది. ఆ మంచు ఎప్పుడో కరిగిపోయింది. ఇప్పుడు అక్కడ ఎండలు కాస్తుంటాయి."

"అయితే ఏటే? ప్రార్తనకి తేదీ ఉంటాదేటి?"

పాస్టరుగారు పక్కనే ఉన్నారు. ఆ వచ్చే ఆదివారం ఆ మాట మీదే ప్రసంగం చేశారు. తుఫాను సంగతి ఇంగ్లీషులో విన్నది నేనన్న మాట ఆయన ప్రసంగంలో ఎక్కడా రాలేదు.

తర్వాత పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది వచ్చింది. బళ్ళు మూతపడ్డాయి, ఓడలు ఆగిపోయాయి, వదిన తమ్ముడు ఏ రేవులో చిక్కుకున్నాడో తెలియలేదు. సర్కారు దిగిపోవాలంటూ ఊరంతా రోడ్ల మీదకి వచ్చింది. మేం టీచర్లం కూడా నడిచాం. కాల్పులు జరిగాయి. పోలీసులు కనబడకుండా పోయారు, ఖైదీలు బయటికి వచ్చారన్నారు, నీళ్ళ తొట్టెల్లో విషం కలుపుతున్నారన్నారు, ఏది నిజమో ఎవరికీ తెలియదు. వీధికి రెండు చివరలా వెదురు కంచెలు కట్టి మగవాళ్ళు కర్రలతో కాపలా కాసేవారు. కరెంటు వచ్చేది కాదు. వచ్చినా టేపులన్నీ అరిగిపోయి తెరమీద చినుకులు తప్ప ఏమీ పడేవి కావు. భయం కంటే కూడా ఏమీ తోచకపోవడం మనుషుల్ని తినేసింది. వీధిలో చిన్న మాటకి పెద్ద తగువులు. డా మ్యా, దర్జీ ఒక బకెట్టు నీళ్ళ కోసం జుట్లు పట్టుకునే దాకా వెళ్ళారు.

ఆ మధ్యాహ్నం మా వదిన పేము కుర్చీ ఒకటి నాలుగంతస్తులు దింపించి నడివీధిలో వేయించింది. ఎదురుగా తను పీట మీద కూర్చుంది. చేతిలో మైకులా బ్యాటరీలు లేని టార్చిలైటు. "టీవీ లేకపోతే ఏటి? మనుసులు లేరా?" అంది. మొదట డా మ్యాని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. టార్చి ఆవిడ నోటి దగ్గర పెట్టి బర్మా భాషలో, "మొహింగాకి పులుసు కాసేటప్పుడు ఏం ఆలోచిస్తావు?" అని అడిగింది. జనం నవ్వారు. డా మ్యా కూడా నవ్వింది. వదిన నవ్వలేదు, టార్చి తియ్యలేదు. కాసేపటికి డా మ్యా తన చచ్చిపోయిన కూతురి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్లకి అరటిబోదె ముక్కలు ఇష్టమట, ఇప్పటికీ గరిటె తిప్పుతున్నప్పుడు రెండు ముక్కలు పక్కకి తీస్తుందట. ఇన్నేళ్ళూ ఆ పులుసు తిన్నాం. మాలో ఎవరికీ తెలియదు. దర్జీ వెళ్ళి ఆవిడ బకెట్టు నింపి తెచ్చి పెట్టాడు.

ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం కుర్చీ కార్యక్రమమే. పక్క వీధుల వాళ్ళు కూడా కంచె దగ్గర నిలబడి చూసేవారు. నా ఉద్యోగం ఏమిటంటే చప్పట్లు. అమెరికావాళ్ళు ఎక్కడ చప్పట్లు కొడతారో నాకు తెలుసు కదా. నేను వెనకాల నిలబడి చెయ్యెత్తితే జనం కొట్టేవారు. మా అన్నయ్య నన్ను చప్పట్ల మేనేజరు అనేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

రేపు నన్ను పిలుస్తుంది అనుకునేదాన్ని. ఇస్త్రీ చీర కట్టుకుని కిందకి దిగేదాన్ని. పిలిచేది కాదు. దర్జీని పిలిచింది. మా అన్నయ్యని పిలిచి, అందరి ముందూ, పెళ్ళిలో ఎందుకు ఏడ్చావని అడిగింది. రైల్వే కూలీలని, పారిపోయి వచ్చి మెట్ల కింద దాక్కున్న ఖైదీని, నోరు తిరగని మూడేళ్ళ పిల్లని కూడా పిలిచింది. నోరు తెరిచి అడగవచ్చు కదా అని మీరు అంటారు. అడగందే అమ్మైనా పెట్టదని నాకూ తెలుసు. కానీ పెద్దమ్మ కార్యక్రమానికి ఎవరూ తమంతట తాము వచ్చి కూర్చోరు. పిలవని పేరంటానికి వెళ్ళే రకాన్ని కాను నేను.

చెప్పడానికి నా దగ్గరా ఒకటి ఉంది. మా బడిలో లెక్కలు చెప్పే సయా ఒకాయన ఉండేవాడు. సయా అంటే మేష్టారు. బర్మావాడు, బౌద్ధుడు. మా మధ్య ఏముంది అంటే పైకి ఏమీ లేదు. ఊరేగింపులో నా పక్కన నడిచాడు. కుర్చీ కార్యక్రమం రోజుల్లో కంచె అవతల జనంలో నిలబడి చూసి వెళ్ళేవాడు. మా అమ్మకి తెలిస్తే మంచం పడుతుంది, సంఘంలో తెలిస్తే పాటల గుంపులోంచి నన్ను తీసేస్తారు. ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టే అది నా గొంతులో అన్నం ముద్దలా అడ్డంపడి ఉండేది. నాకు కావలసింది ఒక్కటే. ఎవరైనా నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి. ఎవరైనా అంటే అందరూ కాదు. ఆవిడ.

ఆ కుర్చీలో చివరికి ఊ తిన్ కూడా కూర్చున్నాడు. అతను మా వీధిలోనే ఉండేవాడు. ఎవరింటికి ఎవరొచ్చారో పైవాళ్ళకి చేరవేస్తాడని అందరికీ అనుమానం. పక్క వీధిలో అలాంటివాడని ఒకణ్ణి కొట్టి చంపినంత పని చేశారు. ఇతను రోజూ వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు, చుట్టూ ఎవరూ కూర్చునేవారు కాదు. ఒకరోజు కొందరు కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని అతని వెనక నిలబడ్డారు. వదిన అది చూసింది. "రా ఊ తిన్, ఇవాళ నువ్వు" అని పిలిచింది. అతను కూర్చున్నాడు. ఎవరి పేర్లు రాసిచ్చావు అని అడుగుతుందని అందరం అనుకున్నాం.

"నిద్ర పడుతోందా?" అని అడిగింది.

అతను నేల చూపులు చూశాడు. ఆవిడ టార్చి పట్టుకుని అలాగే ఉంది. నాకే చేతులు లాగాయి. ఎంతసేపటికో అతను లేదన్నట్టు తలూపి, లుంగీ అంచుతో మొహం కప్పుకున్నాడు. వదిన అంతకుమించి ఏమీ అడగలేదు. కుర్రాళ్ళు కర్రలు దించారు. డా మ్యా అతనికి టీ తెచ్చి ఇచ్చింది. నేను చప్పట్లకి చెయ్యి ఎత్తనా వద్దా అని చూస్తూ ఉండిపోయాను. ఇది చూసి ఆవిడ గొప్పదనానికి పొంగిపోయానని రాస్తే అందంగా ఉంటుంది. ఊ తిన్‌కి కూడా కుర్చీ దక్కింది, నాకు దక్కలేదు అన్నదే ఆ రోజు నా ఆలోచన.

సెప్టెంబరులో సైన్యం వచ్చి కంచెలు పీకేసింది. కర్ఫ్యూ. గుంపులుగా చేరకూడదన్నారు. కుర్చీ మళ్ళీ మేడెక్కింది. లెక్కల సయా ఒక మధ్యాహ్నం మా వీధిలోకి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. కిందకి దిగి ఇచ్చాను. సైన్యానికి దొరక్కుండా సరిహద్దు వైపు వెళుతున్నానని చెప్పి గ్లాసు తిరిగిచ్చాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. తెచ్చేవాళ్ళు లేరు, అడగడానికి చోటు లేదు. తలుపులు మూసుకున్న ముందు గదిలో వదిన ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెడుతూనే ఉంది. కొడుకు కనబడని తల్లులు దొంగచాటుగా వచ్చి కూర్చుని, చెప్పుకుని, కళ్ళు కడుక్కుని వెళ్ళేవారు. నేను వంటింట్లో వాళ్ళకి టీ కాచేదాన్ని. తలుపు సందులోంచి ఆవిడ వీపు కనబడేది. నన్ను చూడు, ఒక్కసారి ఇటు తిరిగి నన్ను చూడు అని ఆ వీపుని ఎన్నిసార్లు బతిమాలుకున్నానో.

బళ్ళు తెరిచాక నాకు ఇన్సేన్‌లో పని దొరికింది, అక్కడే ఉండిపోయాను. అమ్మ పోయింది, అన్నయ్య పోయాడు. దేశం కొన్నాళ్ళు తలుపులు తెరుచుకుంది. డిష్షులు వచ్చాయి, ఆ తర్వాత ప్రతి చేతిలోనూ ఫోను వచ్చింది. మా అన్నయ్య మనవరాలు ఇప్పటి అమెరికావాళ్ళని అమ్మమ్మకి చూపించేది. పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడే గడ్డపాయన, రాత్రి కార్యక్రమాల్లో బల్ల వెనక కూర్చుని మంత్రుల మీద జోకులేసే కోటు కుర్రాడు, మొహానికి రంగు వేసుకుంటూ కబుర్లు చెప్పే పిల్ల. వదిన అందరినీ శ్రద్ధగా చూసేది.

"వీల్లు అడుగుతారు గానీ ఆగరే" అంది ఒకసారి. "అడగడం ఎవులైనా అడుగుతారు. ఆగడమే కట్టం."

నేను ఉడుక్కుని, "అందరి దగ్గరా ఆగావు. బాగానే ఉంది" అన్నాను. ఆవిడ నా వైపు చూసి ఏదో అనబోయి, పిల్లకి జడ వేయడంలో పడింది.

సైన్యం మళ్ళీ గద్దెనెక్కిన ఏడాది ఊరంతా నిరసనగా గిన్నెలు మోగించినప్పుడు ఆవిడ కూడా బాల్కనీలో స్టూలు వేసుకుని అన్నం గరిటెతో మోగించింది. తర్వాత ఇంటర్నెట్టు పోయింది, కరెంటు రాకపోకలు మళ్ళీ మొదలయ్యాయి. మనవరాలు చదువు మానేసి దేశం దాటి వెళ్ళింది. వదిన కాళ్ళు వాచాయి, గుండె నీరసించిందన్నారు. నేను వారం వారం వెళ్ళేదాన్ని. నేను వెళ్ళేసరికి ఎవరో ఒకరు మంచం పక్కన కూర్చుని మనసు విప్పుకుంటూ ఉండేవారు. ఆ మనిషి లేచేదాకా బయట నిలబడేదాన్ని, డాక్టరు కోసం వచ్చినట్టు.

పోయే ముందు వారం నేను వెళ్ళిన మధ్యాహ్నం ఎవరూ లేరు. కరెంటు లేదు. మా అన్నయ్య కూతురు మందుల కోసం వెళ్ళింది. వదిన దిళ్ళకి ఆనుకుని ఉంది.

"ఒలే గుంటా, ఇలగొచ్చి కూకో."

"నీళ్ళు కావాలా?"

"నీల్లు కాదే. ఆ లెక్కల సయా ఉండీవోడు గదా. వెదురు కంచి కాడ నిలబడీవోడు. ఆడి గురించి సెప్పు."

మంచం మీద కూర్చున్నాను. "నీకెలా తెలుసు?"

"తెలీదేటి? అందరూ కుర్సీలో ఉన్నోలని సూసీవోలు. నువ్వు కంచికేసి సూసీదానివి. నేను నిన్ను సూసీదాన్ని."

"మరి అడగలేదేం?" నా గొంతు నాకే గట్టిగా వినబడింది. "ఊ తిన్‌ని అడిగావు. గోడ మీద పిల్లిని తప్ప అందరినీ అడిగావు. నన్ను ఒక్కనాడు అడగలేదేం వదినా?"

"అప్పుడు అడిగితే నువ్వు సెప్పీసీదానివే. ముందు వరసలో ఊ తిన్ ఉండీవోడు. ఆడు ఇనీసి పైవోలకి మోసీసీవోడు." కాసేపు ఊపిరి తీసుకుంది. "తరవాతేటంటే, ఆడొస్తాడనుకున్నాను. వచ్చేక ఇద్దర్నీ కలిపి కూకోబెడదారని. మన కాడ కుర్సీ ఒకటే గదా, ఇంకోటి దర్జీ కాడ ఎరువు తేవాలనీసి కూడా అనీసుకున్నాను. సూసినాను, సూసినాను. రానేదు."

ఆ ముప్ఫై ఏళ్ళకి పైగా అతని కోసం ఎదురుచూసినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. చివరికి అందులో కూడా ఆవిడ వాటా తీసుకుంది. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది.

ఆవిడ చెయ్యి పైకెత్తింది. టార్చి పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచి పిడికిలి నా నోటి దగ్గర పెట్టింది. "సెప్పు" అంది. ఇక మాట్లాడలేదు. నా మొహంకేసి చూస్తూ ఉంది.

చెప్పాను. లుంగీకి సుద్ద తుడుచుకునే అలవాటు చెప్పాను. పుల్లమామిడి ముక్కలు ఉప్పు కారం అద్దుకుని సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి నా బల్ల సొరుగులో పెట్టి ఏమీ ఎరగనట్టు తిరిగేవాడని చెప్పాను. ఊరేగింపులో తుపాకీ చప్పుడు వినబడినప్పుడు నన్ను గోడవైపుకి నెట్టి తను రోడ్డువైపుకి జరిగాడని చెప్పాను. మంచినీళ్ళ కోసం వచ్చిన రోజున "వస్తావా?" అని అతను అడిగిన ఒక్క మాట, మేడ మీద కిటికీలో మా అమ్మ నిలబడి ఉంటే, ఏమీ వినబడనట్టు నేను గ్లాసు కడుక్కున్న సంగతి చెప్పాను. అది ఇంతవరకూ దేవుడికి కూడా చెప్పలేదు. చెబుతూ చెబుతూ చూస్తే ఆవిడ కళ్ళు ఎప్పుడో మూతపడ్డాయి. నిద్రపోయింది. ఏ మాట దాకా విన్నదో తెలియదు. ఊళ్ళోవాళ్ళందరికీ తెరిచిన కళ్ళు ఇచ్చి నాకు ఇవి ఇచ్చింది. ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. పిడికిలి కొంచెం కొంచెంగా జారి దుప్పటి మీదకి దిగిపోతోంది. నా వంతు ఇంకా అయిపోలేదు. ఆవిడ మణికట్టు పట్టుకుని, ఆ పిడికిలిని మళ్ళీ నా నోటి దగ్గరికి ఎత్తి పట్టుకుని, మిగతాది చెబుతూ కూర్చున్నాను.